ఆఖరి కొట్టుడు అని ఎవ్వరూ చెప్పలే

2025 జూలై ఆఖర్ల మా అక్కకు మోకాలి ఆపరేషన్ ఉందంటే నెల రోజులు సెలవు పెట్టి ఇండియానాపొలిస్ పోయిన. పోయిన రెండో రోజో మూడో రోజో, నిద్ర సరిగ పట్టక పొద్దుగాలనే లేచి కిటికీల నుంచి చూస్తే మా అక్క బిడ్డ ఇంటి ముందర కారు పెట్టే జాగల ఒక్కతే నిలబడి ఒక తెల్ల తుపాకీని గాల్లోకి ఎగరేస్తుంది. నిజం తుపాకి కాదు, కట్టెతోని చేసింది, పేలేది కాదు, మొత్తం తెల్ల టేపు చుట్టి ఉంది, అది పైకి పోయి గిర్రున మూడు చుట్లు తిరిగి కిందికి రాంగనే ఠప్పుమని పట్టుకుంటుంది, మళ్ళ ఎగరేస్తుంది, ఒక్కోసారి చెయ్యి తప్పితే సిమెంటు మీద పడి దూరం ఎగిరిపోతది, పోయి తెచ్చుకొని మళ్ళ అదే జాగల కాళ్ళు సరిచేసుకొని మళ్ళ మొదలు. పదిహేనేండ్ల పిల్ల. రెండు మణికట్ల మీద కమిలిన మచ్చలు, కొన్ని పచ్చగ, కొన్ని నల్లగ.

చాయ్ గ్లాసు పట్టుకొని బయటికి పోయిన. "చిన్నమ్మా, జెర కౌంట్ చెప్తవా" అన్నది.

వన్ టూ త్రీ ఫోర్ అని మొదలుపెట్టిన, కాసేపటికి చూసుకుంటే నా ఎడమ కాలు దానంతట అదే లేస్తుంది. పిల్ల ఆపేసి నా కాళ్ళ దిక్కు చూసి "నువ్వు మార్చింగ్ చేసినవా చిన్నమ్మా?" అని అడిగింది. చేసిన బిడ్డా, నాలుగేండ్లు చేసిన, సైడ్ డ్రమ్ము కొట్టిన అన్న. ఆ మాట నా నోట్ల నుంచి వచ్చి ఇరవై నాలుగేండ్లు అయ్యింది. మా ఆయనకు కూడా ఎన్నడూ సరిగ చెప్పలే, ఎవరూ అడగలే, నేనూ చెప్పాల్సిన ముచ్చట అనుకోలే. ఆ రోజు నుంచి మొత్తం యాదికి వస్తనే ఉంది, రాయకపోతే నాకు నెమ్మది లేదు.

మాది అప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు ఊరు. ఏడో తరగతిల నన్ను ఆడపిల్లల హాస్టల్ బడిల వేసిండ్రు. ఆ యేడే, 1997ల, బడికి బ్యాండ్ సెట్టు వచ్చింది. గోనె సంచులు చుట్టి లారీల తెచ్చి ఆఫీసు వరండల దించిండ్రు, ఎనిమిది సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, రెండు జతల తాళాలు, నాలుగు బ్యూగిళ్ళు, ముందర నడిచే పిల్లకు గుండు ఉన్న వెండి రంగు కర్ర ఒకటి. డ్రమ్ము మీద చిన్న రేకు మీద మీరట్ అని ఉండె. మన దేశంల బడులకు, పెండ్లి బ్యాండ్లకు పోయే డ్రమ్ములు, బూరలు చానా వరకు మీరట్ల జలీ కోఠీ అనే బజార్లనే తయారైతయట, ఈ ముచ్చట పెద్దగైనంక తెలిసింది, అప్పుడైతే మీరట్ అంటే కంపెనీ పేరు అనుకున్నం.

కొట్టుడు నేర్పేటోళ్ళు ఎవరు? పీఈటీ మేడమ్‌కు కబడ్డీ, ఖోఖో వచ్చు గని డ్రమ్ము రాదు. ఆమెనే ఎట్ల పట్టుకున్నదో నల్లగొండ నుంచి పోలీసు బ్యాండ్ల చేసి రిటైరైన ఒక పెద్దమనిషిని పట్టుకొచ్చింది. మేము తాత అనేటోళ్ళం. ఆయన మొదటి నెల డ్రమ్ము ముట్టనియ్యలే. బెంచీల మీద, మడత పెట్టిన దుప్పట్ల మీద, అన్నం ప్లేట్లు బోర్లించి వాటి మీద కొట్టిచ్చిండు. కాగితం మీద ఏదీ రాసేది లేదు, అంతా నోటితోనే, కుడి చెయ్యి రెండు దెబ్బలు డా-డీ, ఎడమ చెయ్యి రెండు దెబ్బలు మమ్-మీ, డాడీ మమ్మీ డాడీ మమ్మీ అనుకుంట మెల్లగ మొదలుపెట్టి జోరు పెంచుకుంట పోతే ఒక దగ్గర దెబ్బలు విడివిడిగ వినిపించుడు బంద్ అయ్యి రేకు మీద వాన పడ్డట్టు ఒకటే ధార అయితది. నాకు ఆ ధార వచ్చిన రోజు ఇప్పటికీ యాదుంది. మెస్సుల రాత్రి అన్నం వడ్డించేదాకా ప్లేటు మీద కొడుతున్న, ఒక్కసారిగ వచ్చింది, పక్కన కూసున్న పిల్లలు కూడా గమ్మున తలకాయలు తిప్పి చూసిండ్రు.

ఇంకో మొదటి పాఠం ఏందంటే, పెద్ద డ్రమ్ము ధూం అని పడ్డప్పుడు ఎడమ కాలు నేల మీద ఉండాలె. ఇంక ఏం తప్పినా సరే, అది తప్పొద్దు.

మా నాయిన డప్పు కొట్టేటోడు. మా ఇండ్లల్ల ఆడోళ్ళు డప్పు భుజానికి వేసుకునేది లేకుండె. నా పని మంట కాడి వరకే, చొప్ప, ఎండు కంప వేసి మంట పెడితే నాయిన డప్పును దానికి చూపిచ్చుకుంట తిప్పేటోడు, మధ్య మధ్యల వేలుతో టక్కుమని మీటి చెవి పెట్టి, ఇంకా కావాలె, ఇంకా కావాలె అనేటోడు. తోలు బిగిసి కంచు మోగినట్టు మోగంగనే చాలు బిడ్డా అని లేచేటోడు. అట్ల నాకు తోలు మాట వినుడు చిన్నప్పుడే అబ్బింది, కొట్టుడు మాత్రం లేకుండె. మొదటిసారి మెడల డ్రమ్ము వేసుకున్న ఆదివారమే నాయిన నన్ను చూడనీకి హాస్టల్‌కు వచ్చిండు. చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత పుల్లలు తీసుకొని "గీ ఎడమ పుల్లను గిట్ల కిందికెల్లి పట్టుకుంటరేంది బిడ్డా" అని అడిగిండు.

తాత మాకు చెప్పింది నాయినకు చెప్పిన. బెల్టు కుడి భుజం మీది నుంచి వస్తది, డ్రమ్ము ఎడమ తొడ మీద ఏటవాలుగ వేలాడుతది, ఎడమ అంచు పైకి ఉంటది, కుడి అంచు కిందికి వాలుతది. రెండు చేతులు ఒక్క తీరుగ పట్టుకుంటే ఎడమ మోచెయ్యి కోడి రెక్క లెక్క లేపాలె, నడుసుకుంట అట్ల కొట్టలేరు. అందుకే ఎడమ పుల్లను బొటనవేలి సందుల దూర్చి, ఉంగరం వేలి మీద ఆనిచ్చి, తలుపు గడియ తిప్పినట్టు మణికట్టు తిప్పాలె. నాయిన అట్లనే పట్టుకొని చూసిండు, రెండు నిమిషాల్ల వచ్చేసింది ఆయనకు, డప్పు కొట్టే చిర్ర, సిటికెన పుల్ల పట్టిన చేతులాయె. మా సైడ్ డ్రమ్ము మీద పెండ్లి ఊరేగింపు దరువు ఒకటి కొట్టిండు. హాస్టల్ పిల్లలంతా ఉరికొచ్చిండ్రు. ఆ దరువు నాకు నేర్పి పోయిండు, ఆడపిల్లకు నేర్పొద్దనే మాట డప్పుకు గని డ్రమ్ముకు లేదు గద అన్నడు.

మా పిల్లను అడిగితే వాళ్ళ హైస్కూల్ బ్యాండ్ల జెండాలు, తుపాకులు, కత్తులు తిప్పే గుంపును కలర్ గార్డ్ అంటరట. జెండా కర్ర చూపిచ్చింది, అల్యూమినియంది, రెండు చివర్ల రబ్బరు మూతలు, మూత తీస్తే లోపల ఇనుప బోల్టు ఉంది. బరువు కోసం, బరువు లేకపోతే తిరిగేటప్పుడు కర్ర చేతికి మాట వినదు అన్నది. నాకు మా జెండాల పిల్లలు యాదికొచ్చిండ్రు. బ్యాండు ముందర ఆరుగురు ఆరు రంగుల శాటిన్ జెండాలు పట్టుకొని నడిచేటోళ్ళు, వెదురు బొంగులు, గాలొస్తే పడవ తెరచాప లెక్క మనిషినే గుంజుకపోయేది. తాత ఏం చేసిండంటే బొంగు కింది గణుపుల ఇసుక పోసి గుడ్డ కుక్కిచ్చిండు. అంతే, జెండా నిలబడ్డది. ఇండియానాల బోల్టు, మా దగ్గర ఇసుక.

ఆగస్టు రెండో వారంల డీసీఐ ఫైనల్స్ ఉన్నయి, వస్తవా చిన్నమ్మా అన్నది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అని, వీళ్ళ హైస్కూల్ బ్యాండ్లన్నిటికీ పెద్ద దేవుడు లెక్క. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు ఊర్లల్ల సంఘాలు పెట్టుకొని డ్రమ్ములు, బ్యూగిళ్ళతోని పిల్లలకు నేర్పిన దాంట్ల నుంచి పెరిగిందట ఇదంతా. 1972ల విస్కాన్సిన్ల వైట్‌వాటర్ అనే ఊర్ల మొదటి డీసీఐ పోటీ, అప్పుడు గెలిచింది అనహైమ్ కింగ్స్‌మెన్. 2009 నుంచి ఫైనల్స్ ఇండియానాపొలిస్ల లూకాస్ ఆయిల్ స్టేడియంల. ఒక్కో కోర్ అంటే 150 మందికి పైనే, ఇత్తడి బూరలు, డ్రమ్ములు, కలర్ గార్డ్, అంతే, ఫ్లూటు, క్లారినెట్ అసొంటివి ఉండయి. పిల్లలు ఎండకాలం మొత్తం రాత్రిళ్ళు బస్సుల ప్రయాణం, బడుల జిమ్ముల్ల నేల మీద పండుకునుడు, పొద్దటి నుంచి పొద్దుమూకే దాకా ఎండల ప్రాక్టీసు. దానికి వేల డాలర్ల ఫీజు వీళ్ళే కడతరు. విని నేను నమ్మలే. తర్వాత అనుకున్న, మాకు కూడా పైసలు ఇచ్చేదుంటే బాగుండనిపించలే ఎన్నడు, పెట్టాల్సి వస్తే మా నాయిన మేకను అమ్మి పెట్టేటోడు కావచ్చు.

శనివారం ఫైనల్‌కు పోయినం. పై నుంచి చూసే సీట్లు. మొదటి కోర్ మైదానంలకు వచ్చి నిలబడ్డది, అంత పెద్ద స్టేడియం ఒక్క నిమిషం సప్పుడు లేకుంట అయ్యింది, తర్వాత డ్రమ్ముల వరుస మొదలైంది, నేను పెద్ద స్క్రీన్ల చూస్తున్న, వాళ్ళ చేతులు దగ్గరగ చూపిచ్చిండ్రు.

ఎడమ పుల్ల కిందికెల్లి పట్టుకున్నరు. బొటనవేలి సందు, ఉంగరం వేలు. మా చెయ్యే!

వాళ్ళ డ్రమ్ము ఏటవాలుగ లేదు, భుజాల మీద చట్రం పెట్టి పొట్ట ముందర బల్ల లెక్క చదునుగ నిలబెట్టుకుంటరు. అట్ల పట్టుకోవాల్సిన అవసరమే లేదు ఇప్పుడు. అయినా స్నేర్ డ్రమ్ము, అంటే మా సైడ్ డ్రమ్ము అసొంటిదే, అది కొట్టే పిల్లలు వదిలిపెట్టలే, బెల్టుకు వేలాడిన కాలం నాటి పట్టునే పట్టుకున్నరు. నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయి, పక్కన పిల్ల కంగారు పడి ఏమైంది చిన్నమ్మా అంటే నా ఎడమ చెయ్యి చూపిచ్చిన, బొటనవేలి సందుల కాయ ఉండేది ఒకప్పుడు, ఇప్పుడు లేదు, ఉన్న జాగ మాత్రం నాకు తెలుసు.

ఆ తర్వాత కత్తుల వరుస వచ్చింది, పది పన్నెండు మంది ఒక్కసారే ఎగరేసి ఒక్కసారే పట్టుకున్నరు, లైట్లకు కత్తులు తళతళ మెరిసినయి. నాకు సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు కండ్ల ముందర తిరిగింది. రెండేండ్లకు ఒకసారి మాఘంల లింగమంతుల జాతర, గజ్జెల లాగులు తొడిగి, కటార్లు పట్టుకొని ఓ లింగా ఓ లింగా అని గుట్ట ఎక్కుతుంటే ఎనక భేరీలు మోగుతుంటయి చూడు, ఆ భేరీ దెబ్బకు గుండె కింద ఏదో కదిలినట్టు అయితది. గది. గదే వచ్చింది నాకు ఆ స్టేడియంల కూడా. ఒకటి మాత్రం నాకు నచ్చలే, మైకులు, స్పీకర్లు, కీబోర్డులు. 2004ల మైకులు, 2009ల ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒప్పుకున్నరట. అంత మంది అంత బలంగ ఊదుతుంటే, కొడుతుంటే స్పీకర్ ఎందుకు? ఇది నా మాట, మా పిల్ల ఒప్పుకోదు.

మధ్యల పిల్ల ఒక ముచ్చట చెప్పింది. మైదానం వెనక అంచుకు ముందర అంచుకు మధ్య దాదాపు 49 మీటర్లు. సప్పుడు అంత దూరం రావాల్నంటే సెకనుల ఏడో వంతు పడుతది. నిమిషానికి 180 దెబ్బల జోరు ఉన్నప్పుడు అది దాదాపు సగం దెబ్బ అన్నట్టు. వెనక ఉన్నోడు సరిగనే కొడుతడు, ముందర ఉన్నోడు సరిగనే ఊదుతడు, కూర్చున్న జనానికి మాత్రం రెండూ కలవయి. అందుకే వెనకున్నోళ్ళు ముందటి సప్పుడు వినొద్దు, ముందర నిలబడి చేతులతోని తాళం చూపే డ్రమ్ మేజర్ చెయ్యి మాత్రమే చూడాలె. ముందరున్నోళ్ళు వెనక నుంచి వచ్చే సప్పుడును పట్టుకొని వాయించాలె.

మా తాత ఈ లెక్కలేం చెప్పలే. పోలీస్ పరేడ్ గ్రౌండ్ల మార్చ్‌పాస్ట్ అంటే బ్యాండు ఒక దగ్గర, ఆఖరి దళం ఎక్కడో వంద మీటర్ల అవతల, వాళ్ళ కాడికి డ్రమ్ము సప్పుడు పోయేసరికి కాలు తప్పుతది, ఎడమకు కుడి పడ్డట్టు కనబడుతది. అప్పుడు తాత జెండాల పిల్లలకు చెప్పేటోడు, "చెవిని నమ్మకు బిడ్డా, కాలు చూడు, ముందటి దాని మడమ చూడు." ఆయనకు ఎవరు చెప్పిండ్రో. ఆ మాటకు లెక్క ఇండియానాపొలిస్ల దొరికింది నాకు.

మార్కుల ముచ్చట కూడా అడిగిన. 100ల 40 జనరల్ ఎఫెక్ట్‌కు, అంటే షో మొత్తం మీద ఎట్ల అనిపిచ్చిందో దానికి, 30 కండ్లకు కనబడేదానికి, 30 సంగీతానికి. కలర్ గార్డ్‌కు వేరే జడ్జి ఉంటడు. పాత రోజులల్ల ఒక్కో తప్పుకు మార్కుల పదో వంతు చొప్పున కోసుకుంట పోయేటోళ్ళట, 1984ల ఆ పద్ధతి తీసేసిండ్రు. 2008ల ఫాంటమ్ రెజిమెంట్ అనే కోర్‌కు 98.125, బ్లూ డెవిల్స్ అనే కోర్‌కు 98.100, ఇరవై ఐదు వెయ్యో వంతుల తేడాతోని ఫాంటమ్‌కు ఫస్టు వచ్చింది. 1999ల అయితే బ్లూ డెవిల్స్‌కు, శాంటా క్లారా వాన్‌గార్డ్‌కు ఇద్దరికీ సరిగ్గ 98.4, ఇద్దరికీ ఫస్టు ఇచ్చిండ్రు.

1999 ఆగస్టు అనంగనే నేను లేచి కూసున్న. అదే నెలల, పంద్రాగస్టు ముందర, జిల్లాల బడుల బ్యాండ్లకు పోటీ పెట్టిండ్రు. నేను తొమ్మిదో తరగతి. తెల్ల పావాడలు, నీలం కోట్లు, నెత్తి మీద కుచ్చు టోపీలు, బస్సు దొరకక కూరగాయల డీసీఎంల నిలబడి నల్లగొండ పోయినం. నల్లగొండ దగ్గర పడంగనే తుంపర మొదలైంది. మా సైడ్ డ్రమ్ముల మీద ప్లాస్టిక్ మూతలే, వాటికేం కాలే. పెద్ద డ్రమ్ముది మాత్రం తోలు. దిగి చూస్తే నానిపోయి ఉంది, కొడితే దిండు మీద కొట్టినట్టు బుస్సుమంటుంది. పెద్ద డ్రమ్ము కొట్టే నా దోస్తు ఏడుపు మొదలుపెట్టింది. తాడు ఎంత బిగిచ్చినా సప్పుడు లేదు. మేడమ్ పోయి వేరే బడిని అడిగింది, ఎవరు ఇస్తరు.

నేను గ్రౌండ్ గోడ అవతలికి పోయి ఒక చాయ్ బండి కాడ పాత పేపర్లు, రెండు అట్ట డబ్బాలు అడుక్కొచ్చిన. చెట్టు కింద మంట పెట్టినం. డ్రమ్మును ఇద్దరం అటిటు పట్టుకొని మంటకు చూపిచ్చుకుంట తిప్పినం, దగ్గరికి పోనియ్యలే, ఒక్క జాగల ఆపలే, నాయిన చేసినట్టే, మధ్య మధ్యల వేలుతోని మీటి చెవి పెట్టిన. ఇంకా కావాలె. ఇంకా కావాలె. మేడమ్ వచ్చి అమ్మో కాలిపోతది సర్కారు సొమ్ము అని మొత్తుకుంది, అప్పటికే మా పేరు రెండు సార్లు పిలిచిండ్రు. మూడోసారి పిలిచేటప్పటికి తోలు మాట ఇచ్చింది. చాలు అని లేచిన.

ఆ రోజు కొట్టినట్టు మళ్ళ ఎన్నడూ కొట్టలే మేము. వేడి తోలు మీద మొదటి ధూం పడంగనే నా కడుపుల నుంచి వచ్చింది సప్పుడు, ఇరవై మంది ఎడమ కాళ్ళు ఒక్కటే కాలు అయినయి, నా కాలు ఏదో వేరేటోళ్ళ కాలు ఏదో తెల్వకుంట అయ్యింది. నేను ఎన్నిసార్లు చెప్పాలని చూసినా దీనికి ఇంతకన్నా మాట దొరకలే. చివర్ల తాత ఒప్పుకున్న దరువు కాకుండ నాయిన నేర్పిన ఊరేగింపు దరువు ఎనిమిది చుట్లు కొట్టినం, అది మేము ఆరుగురం ముందు రాత్రి చాటుంగ అనుకున్నదే. గోడ మీద కూసున్న జనం లేచి ఎగిరిండ్రు.

సెకండ్ వచ్చింది. అర మార్కు తేడా. ఆలస్యంగ వచ్చినందుకు కోసిండ్రు. వచ్చేటప్పుడు డీసీఎంల ఎవ్వరం మాట్లాడలే, దేవరకొండ రోడ్డు మీద చీకట్ల ఎవరో ఒక పిల్ల పుల్లతోని డీసీఎం రేకు మీద డాడీ మమ్మీ మొదలుపెట్టింది, తర్వాత అందరం.

ఫైనల్ రాత్రి ఫస్టు వచ్చింది బోస్టన్ క్రుసేడర్స్. 1940ల పెట్టిన కోర్ అది, డీసీఐల ఫస్టు రావుడు ఇదే మొదటిసారి. పెద్దోళ్ళు, ఎప్పుడో అండ్ల చేసినోళ్ళు, తెల్ల గడ్డాలోళ్ళు మా ముందు వరుసల నిలబడి చిన్న పిల్లల లెక్క ఏడ్చిండ్రు. కాని నాకు మనసుల పట్టుకున్నది అది కాదు. మైదానంల కొందరు పిల్లలు ఒకరినొకరు పట్టుకొని వదుల్తలేరు, ఓడినోళ్ళు గెలిచినోళ్ళు అని లేదు, అన్ని కోర్లల్ల ఉన్నరు అట్ల. ఎవరు వాళ్ళు అని అడిగిన. ఏజ్ ఔట్ అయినోళ్ళు చిన్నమ్మా అన్నది. ఈ కోర్లల్ల 22 ఏండ్ల దాకనే, అది దాటినంక ఇంక మైదానంలకు రానియ్యరు. ఈ యేడు మాకు ఆఖరుదని వాళ్ళకు మొదటి రోజు నుంచి తెలుసు. ఆఖరి ప్రాక్టీసు, ఆఖరి బస్సు, ఆఖరి షో, ఒక్కోటి లెక్క పెట్టుకుంట వస్తరు. కొందరు ఆఖరి షో అయినంక చెప్పులు, షూలు అక్కడ్నే విడిచి వస్తరట.

మాకు ఎవరూ చెప్పలే.

2001 జనవరి 26. పోలీస్ పరేడ్ గ్రౌండ్. చలి, నడి వరుసల మూడో దాన్ని నేను. దహినే దేఖ్ అనంగనే మెడలన్నీ కుడికి తిరిగినయి, మేము డ్రమ్ములోళ్ళం తిప్పొద్దు, ముందరికే చూసుకుంట కొట్టినం. ఎప్పటి లెక్కనే. బూందీ పొట్లాలు ఇచ్చిండ్రు. వచ్చి డ్రమ్ములు తుడిచి స్టోర్ రూముల పెట్టినం, నేను నా పుల్లలు డ్రమ్ము తాడుల దోపి పెట్టిన, మళ్ళ తీసుకుందాం అని. ఆ సాయంత్రం హాస్టల్ టీవీల భుజ్ భూకంపం చూపిచ్చిండ్రు, అందరం అదే చూసుకుంట కూసున్నం, ఆ పొద్దుటి పరేడ్ ముచ్చటే ఎవ్వరం మాట్లాడలే. తెల్లారి పదో తరగతోళ్ళకు బ్యాండు బంద్, పరీక్షలు అని నోటీసు. స్టోర్ రూముకు తాళం. సరే, వీడ్కోలు సభ రోజు కొడదాం అనుకున్నం. ఆ రోజు పాటల టేపు డెక్కు పెట్టిండ్రు. డ్రమ్ములు తియ్యలే. అడిగితే తాళంచెవి ఆఫీసుల లేదన్నరు. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, పెండ్లి. తాత ఎప్పుడు పోయిండో కూడా తెల్వలే. నాయిన 2011ల పోయిండు, ఆయన డప్పు మా తమ్ముని దగ్గర గోడకు ఉంది.

నాకు కోపం ఉంది. ఇన్నేండ్లకు ఒప్పుకుంటున్న, కోపమే. పరీక్షలు వద్దనలే, ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోవు, ఇది మీకు ఆఖరుది పిల్లలూ అని. ఆ రోజు ఇంకో తీరుగ కొట్టేదాన్ని. ప్రతి దెబ్బ దాచుకునేదాన్ని. ఇప్పుడు కేంద్రం వాళ్ళు జాతీయ స్థాయిల బడుల బ్యాండ్ పోటీలు పెడుతున్నరు, ఆడపిల్లల బ్రాస్ బ్యాండు, పైప్ బ్యాండు అని వేరే విభాగాలే ఉన్నయి, గెలిస్తే ఢిల్లీ దాకా పోతరు, చాలా సంతోషం నాకు. అండ్ల పదో తరగతి పిల్లలకు ఆఖరి రోజు ఆఖరుదని ఎవరన్నా చెప్తున్నరా అని మాత్రం అనిపిస్తది.

ఇంటికొచ్చినంక మా అక్క బిడ్డ లోపలికి పోయి ఒక గుండ్రటి రబ్బరు ప్యాడు, రెండు పుల్లలు తెచ్చి నా ముందర పెట్టింది, వాళ్ళ డ్రమ్ము దోస్తు దగ్గర అడిగి తెచ్చిందట ముందే. తీసుకున్న. ఎడమ చెయ్యి తనంతట తానే కిందికెల్లి పట్టుకుంది. డాడీ మమ్మీ మెల్లగ. వేళ్ళు గట్టిపడ్డయి, జోరు పెంచితే దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడుతున్నయి, ధార రాలే. మూడు రోజులు రోజూ కూసున్న. నాలుగో రోజు రాత్రి ఒక రెండు సెకండ్లు వచ్చింది.

అప్పుడే పెద్ద డ్రమ్ము దోస్తుకు ఫోన్ చేసిన. నాకు ఇక్కడ రాత్రి 9, దానికి దేవరకొండల పొద్దున ఆరున్నర, పొయ్యి మీద పాలు పెట్టుకొని ఉంది. వీడియోల నా చేతుల పుల్లలు చూసి ఏందే ఇది అన్నది. కొడుతున్న, నువ్వు ఎడమ కాలు పట్టు అన్న. ఇంకేం అడగలే. పాలు దించింది, ఖాళీ బిందె బోర్లించింది, పప్పుగుత్తి తీసుకుంది.

నేను మొదలుపెట్టిన, అది ధూం అన్నది, కలవలే. దాని ధూం నా దగ్గరికి వచ్చేసరికి నా కుడి కాలు పడుతుంది. మళ్ళ చేసినం, మళ్ళ అంతే. సప్పుడు ఆలస్యంగ వస్తుందే, నా దెబ్బ నీకు చేరుతందుకు కొంచెం, నీది నాకు చేరుతందుకు కొంచెం అన్న. అది ఒక్క క్షణం బిందె మీద చెయ్యి పెట్టి ఆలోచించింది.

"నువ్వు ఆగకు. నీ తీరుగ నువ్వు కొట్టుకుంట పో, నేనే ముందుగాల కొడత."

మా పిల్ల పక్కకు వచ్చి నిలబడి కౌంట్ చెప్పింది. నేను ప్యాడు దిక్కు చూడలే, ఫోన్ దిక్కు చూడలే, నాయిన దరువు ఎత్తుకున్న, లేచి నిలబడి కాళ్ళు కలుపుకుంట. మొదటి చుట్టు అది చానా ముందుగాల పడ్డది. రెండోది కొంచెం దగ్గరికి. మూడోది అంచుకు తగిలింది. నాలుగో చుట్టుకు దేవరకొండల ధూం సరిగ్గ నా ఎడమ కాలు కింద పడ్డది.